బోలుకొండలో ఒక శనివారం

1997వ సంవత్సరం జూన్ మాసం. స్కాట్లాండులోని గ్లాస్గో నగరానికి ఇంజనీరింగులో ఉన్నత విద్యకై వెళ్లి అప్పటికి తొమ్మిది మాసాలు కావచ్చింది. పరీక్షలు ముగిశాయి, పరిశోధన పని ఇంకా ఆరంభం కాలేదు. ఆ నడుమ చిక్కిన శని, ఆదివారాలలో ఎక్కడికైనా పోయిరావాలని మేము నలుగురు మిత్రులం నిశ్చయించుకున్నాము. ఒకరిది లాహోరు, ఒకరిది కలకత్తా, ఒకరిది శ్రీలంకలోని కాండీ, మాది బెజవాడ. సముద్రం చూద్దామని ఇద్దరు, కొండలు చూద్దామని ఇద్దరు పట్టుబట్టారు. చివరికి చేతిలోని సొమ్మే తీర్పు చెప్పింది. ఓబన్ అనే రేవుపట్టణానికి రైలు, అక్కడ చౌక వసతిగృహంలో ఒక రాత్రి, దారిలో క్రువాకన్ కొండ కడుపులోని జలవిద్యుత్ కేంద్రం. సెలవు దినాన కూడా ఇంజనీర్లకు పవర్ హౌసే కావలసివచ్చిందా అని మా ఇంటి యజమానురాలు నవ్వింది.

ముందునాటి రాత్రి మేము పులిహోర కలిపాము. చింతపండు ఆసియా దుకాణంలో దొరికింది గాని కరివేపాకు దొరకలేదు. ఆ లోటు లాహోరు మిత్రునికి తెలియకపోవడం మా అదృష్టం.

క్రియన్లారిక్ స్టేషనులో మా రైలు రెండుగా చీలిపోతుంది. ముందు పెట్టెలు ఒక దిక్కుకు, వెనుక పెట్టెలు మరొక దిక్కుకు. ఈ సంగతి బండిలో ప్రకటించారు గాని, ఆ స్కాట్లాండు యాసను తొమ్మిది మాసాల అనుభవంతో కూడా మేము అర్థం చేసుకోలేకపోయాము. ఎదుటి సీటులోని వృద్ధురాలు మా టిక్కెట్లు చూసి కంగారుపడి చెప్పకపోతే ఓబన్ బదులు ఫోర్ట్ విలియం చేరి ఉండేవాళ్లం. పులిహోర డబ్బా చంకన పెట్టుకుని ప్లాట్‌ఫారం మీద నలుగురం పరుగెత్తిన తీరు తలచుకుంటే ఇప్పటికీ నవ్వు వస్తుంది.

అటుపిమ్మట దారి అతి రమణీయం. ఎడమ వైపున ఆ సరస్సు, కుడి వైపున 1,126 మీటర్ల క్రువాకన్ కొండ. ఈ లోయలో కొండరాళ్లు దొర్లి పట్టాల మీద పడుతుంటాయి. అందుకై పందొమ్మిదవ శతాబ్దిలోనే కొండవైపున కంచెవలె తీగలు కట్టారు. రాయి తగిలి తీగ తెగితే చాలు, సిగ్నళ్లు తమంతట తామే ప్రమాదం చూపుతాయి. గాలికి ఆ తీగలు సంగీతం వలె మ్రోగుతాయని, రైలు కంపెనీ కార్యదర్శి పేరు మీద దానిని ‘ఆండర్సన్ పియానో’ అని పిలుస్తారు. ఇంత సులువైన యుక్తి చూసి మేము ముచ్చటపడ్డాము. అయితే తీగకు ఇవతలి గట్టు నుండి రాయి జారితే అది ఏమీ చేయలేదు. 2010 జూన్‌లో అదే జరిగి అక్కడ ఒక రైలు పట్టాలు తప్పిందని చాలా కాలానికి చదివాము.

విద్యుత్ కేంద్రానికి చిన్న బస్సులో తీసుకువెళ్లారు. కటిక రాతిలో తొలిచిన సొరంగంలో సుమారు ఒక కిలోమీటరు ప్రయాణం. బయట చలికి స్వెట్టర్లు వేసుకున్నాము; లోపల వెచ్చగా, తేమగా ఉంది. దీపాల వెలుతురులో మన దేశపు పెరటి మొక్కల వంటివి పచ్చగా ఎదిగి ఉండడం చూసి కలకత్తా మిత్రుడు ఇల్లు చేరినంత సంతోషించాడు. ఆ పైన యంత్రశాల! 91 మీటర్ల పొడవు, 36 మీటర్ల ఎత్తు గల గుహ. 1965 అక్టోబరులో ఎలిజబెత్ రాణి ప్రారంభించిన ఈ కేంద్రంలో మేము వెళ్లేనాటికి నాలుగు యంత్రాలు, ఒక్కొక్కటి 100 మెగావాట్లు. ఉత్పత్తి చేసే యంత్రమే తిరగబడి పంపుగా మారుతుంది. రాత్రి మిగులు విద్యుత్తుతో దిగువ సరస్సు నీటిని కొండ మీది జలాశయానికి ఎత్తిపోస్తారు. దేశానికి అవసరమైన క్షణాన దింపుతారు. నిలిచి ఉన్న యంత్రం రెండు నిమిషాలలో పూర్తి శక్తిని అందుకుంటుంది. టెలివిజన్‌లో ఆట విరామం రాగానే ఇంటింటా తేనీటి కెటిల్ పెడతారనీ, ఆ క్షణానికి తాము సిద్ధంగా ఉండాలనీ మార్గదర్శి చెప్పాడు.

మేము ముగ్గురం ప్రశ్నల వర్షం కురిపించాము. నీటి పాతం ఎంత, సామర్థ్యం ఎంత, బేరింగులు ఎవరివి? కాండీ మిత్రుడు మాత్రం మౌనంగా గోడ రాతి మీద చేయి వేసి నిలబడ్డాడు. చివరికి ఒకే ఒక ప్రశ్న అడిగాడు.

“దీనిని తొలిచేటప్పుడు ఎంతమంది పోయారు?”

మార్గదర్శి మాట తీరు మారిపోయింది. కొయ్యతో మలచిన కుడ్యచిత్రం దగ్గరకు మమ్మల్ని తీసుకుపోయి, సొరంగాలలో, గుహలో 15 మంది మరణించారని చెప్పాడు. ఐరిష్ వారు, పోలెండు వారు, ఈ కొండసీమ వారు. ‘సొరంగపు పులులు’ అని పేరు. మంచి కూలి కోసం వచ్చి, ధూళిలో, పేలుడు పొగలో పనిచేసినవారు. మేము టోపీలు తీశాము. అంతకు మించి ఏమి చేయాలో మాకు తోచలేదు.

బయటకు వచ్చి సరస్సు ఒడ్డున పులిహోర తింటుండగా కాండీ మిత్రుడు తన తండ్రిని గురించి మొదటిసారి చెప్పాడు. ఆయన మహావేలి గంగ పథకపు సొరంగాలలో రాయి తొలిచే పనివాడట. యంత్రపు హోరుకు రెండు చెవులూ వినికిడి కోల్పోయాయి. ఆ కూలి డబ్బుతోనే ఇతడు ఇంజనీరు అయ్యాడు. తొమ్మిది మాసాలు ఒకే వంటగదిలో వండుకు తిన్నాము. ఈ సంగతి మాకు తెలియదు. తెలుసుకోవాలని అడగనూ లేదు. ఈ మాటల నడుమ మిడ్జ్ అనే పురుగులు, దోమ కంటె ఎంతో చిన్నవి, మమ్మల్ని విడవకుండా కుట్టాయి.

ఓబన్ గురించి అధికంగా చెప్పవలసినది లేదు. ఆదివారం వాన. రోము నగరపు రంగస్థలాన్ని పోలిన మెకేగ్ గోపురం ఎక్కాము. చలికాలంలో రాతిపనివారికి ఉపాధి కల్పించాలని ఒక బ్యాంకరు ఆరంభించగా, 1902లో ఆయన మరణంతో పని నిలిచిపోయింది. మేము తడుస్తూ ఓడలు చూస్తుండగా కాండీ మిత్రుడు యంత్రశాల బొమ్మ ఉన్న పోస్టుకార్డు మీద తండ్రికి ఏదో రాసి డబ్బాలో వేశాడు.

తిరిగివచ్చిన కొన్ని సంవత్సరాలకు శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రం చూసే అవకాశం మాకు కలిగింది. ఇక్కడివీ ముందుకు, వెనుకకు తిరిగే యంత్రాలే. ఆరు, ఒక్కొక్కటి 150 మెగావాట్లు. క్రువాకన్ కంటె రెట్టింపు మించినదని మిత్రులందరికీ గర్వంగా రాశాము.

2020 ఆగస్టు 20వ తేదీ రాత్రి ఆ కేంద్రంలో అగ్నిప్రమాదం జరిగింది. రెండు రోజుల తరువాత కాండీ నుండి ఫోను. ఎన్నో ఏళ్లకు విన్న గొంతు. కుశల ప్రశ్నలు లేవు.

“లోపల ఎంతమంది పోయారు?”

తొమ్మిది మంది అని చెప్పాము. అటువైపు నుండి చాలాసేపు మాట లేదు. తరువాత, వారి పిల్లలు ఎంతెంత వారని అడిగాడు.