డీ డ్రైవ్‌లో పెట్టాంలెండి!

"మీ కంప్యూటర్‌లో ఉన్నవాటికి ఇంకో కాపీ ఉందా అండీ?" అని ఎవరినైనా అడిగి చూడండి. "ఆఁ, ముఖ్యమైనవన్నీ డీ డ్రైవ్‌లో పెట్టాంలెండి" అంటారు చాలామంది. ఆ మాట అనేటప్పుడు వాళ్ల మొహంలో ఉండే నిశ్చింతని పాడుచెయ్యబుద్ధి కాదు. కానీ కబుర్లకి కూర్చున్నాక మొహమాటపడితే ఎలా? చెప్పేద్దాం. చాలా ఇళ్లలో సీ డ్రైవూ డీ డ్రైవూ రెండు డిస్కులు కావండీ. ఉన్నది ఒకటే డిస్కు. సిస్టమ్ బిగించిన కుర్రాడు విండోస్ ఎక్కించేటప్పుడు దాన్ని రెండు మూడు భాగాలు చేసి, "సార్, సీలో ఏమీ పెట్టకండి, ఫొటోలూ అవీ డీలో వేసుకోండి" అని చెప్పి టీ తాగి వెళ్లిపోయాడు.

అతను చెప్పింది తప్పని అనను. అప్పట్లో మనకి ఎక్కువగా వచ్చే తంటా విండోస్ పాడవడమే. వైరస్ వచ్చేది, నీలం తెర పడేది, చివరికి సీ ఫార్మాట్ కొట్టాల్సి వచ్చేది. సీ తుడిచేసినా డీలో ఉన్నవి ఉన్నట్టే ఉండేవి. ఆ తంటా వరకూ ఆ ఉపాయం బాగానే పనిచేసింది. డిస్కే పోతే మాత్రం పనిచెయ్యదు. ఒకే గదికి మధ్యలో తడిక కట్టుకుని, కప్పు కూలితే అవతలివైపు పడదులే అనుకున్నట్టు ఉంటుంది. కొన్ని కొత్త సిస్టమ్‌లలో సీకి ఎస్‌ఎస్‌డీ, డీకి మామూలు హార్డ్ డిస్కు విడివిడిగా ఉంటాయి, నిజమే. అయినా రెండూ ఒకే డబ్బాలో, ఒకే కరెంటు మీద బతుకుతున్నాయి కదా! ఈ పూట నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే ముక్క: రెండో కాపీ మొదటిదానికి ఎంత దూరంగా ఉంటే అంత పనికొస్తుంది. ఆ దూరం ఎన్ని రకాలో చూద్దాం.

అసలు డిస్కు ఎందుకు పోతుంది? కాస్త పుట్టుపూర్వోత్తరాల్లోకి వెళ్దాం. 1956లో ఐబీఎం కంపెనీ రామాక్ అనే కంప్యూటర్‌తో పాటు మొదటి హార్డ్ డిస్కుని బజార్లోకి తెచ్చింది. రెండడుగుల వెడల్పు పళ్లేలు 50, బరువు దాదాపు టన్ను. ఇంతా చేసి అందులో పట్టేవి 50 లక్షల అక్షరాలు. ఇప్పుడు ఫోన్‌తో ఆవకాయ జాడీని ఒక ఫొటో తీస్తే అదొక్కటే ఆ యంత్రాన్ని నింపేస్తుంది. పళ్లేలు అరచేతిలోకి వచ్చాయి గానీ పద్ధతి మాత్రం అదే. పళ్లెం నిమిషానికి 5400 సార్లో 7200 సార్లో గిర్రున తిరుగుతుంటుంది. చదివే హెడ్ దాన్ని తాకకుండా, కొద్ది నానోమీటర్ల ఎత్తులో, గాలి మీద తేలుతుంటుంది. తాకిందా, పళ్లెం గీసుకుపోయినట్టే. తలవెంట్రుక మందం వేల నానోమీటర్లని గుర్తు చేసుకుంటే, అది ఎందుకు పోతుందా అనే ప్రశ్న మానేసి, ఇన్నేళ్లు ఎలా ఉంటోందిరా బాబూ అని అడుగుతాం.

అమెరికాలో బ్యాక్‌బ్లేజ్ అనే కంపెనీ లక్షల డిస్కులు పెట్టుకుని జనం ఫైళ్లు దాస్తుంది. 2013 నుంచీ తన డిస్కుల్లో ఎన్ని పోతున్నాయో లెక్క రాసి అందరికీ చూపిస్తోంది. ఏటా సుమారుగా నూటికి ఒకటీ రెండూ మధ్య పోతుంటాయని ఆ లెక్కల సారాంశం. అవి చల్లటి గదుల్లో, కరెంటు పోనిచోట, మనుషులు కనిపెట్టుకుని ఉండే డిస్కులు. ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు వస్తూ పోతూ ఉండే ఇంట్లో, టేబుల్ కింద దుమ్ములో, మనవడు కాలితో తంతూ ఉండే సీపీయూలో ఉన్న డిస్కు సంగతి మీ ఊహకే వదిలేస్తున్నాను. తిరిగే డిస్కు పోయే ముందు ఒక్కోసారి టక్కు టక్కుమని చప్పుడు చేస్తుంది. ఎస్‌ఎస్‌డీకి ఆ మర్యాద కూడా లేదు. రాత్రి షట్‌డౌన్ చేస్తే, పొద్దున్న ఆన్ చేసేసరికి అసలు అక్కడ డిస్కే లేదంటుంది కంప్యూటర్.

కాబట్టి ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు కొనండి. లోపలి డిస్కు కంటే రెట్టింపు సైజుదైతే మంచిది, ఎందుకో తర్వాత చెప్తాను. డబ్బా మీద 1 టీబీ అని ఉండి, కంప్యూటర్ 931 జీబీ అని చూపిస్తే షాపువాడితో తగాదాకి వెళ్లకండి. కంపెనీ వెయ్యేసి చొప్పున లెక్కపెడుతుంది, విండోస్ 1024 చొప్పున లెక్కపెడుతుంది. వస్తువు ఒకటే, తూకంరాళ్లు వేరు. వైరు ఎక్కడ గుచ్చుతున్నారో చూసుకోండి. చాలా కంప్యూటర్లలో యూఎస్‌బీ 3 పోర్టు లోపల నీలంగా ఉంటుంది. అందులో పెడితే 500 జీబీ గంటన్నర, రెండు గంటల్లో ఎక్కిపోతుంది. పక్కనే ఉన్న పాత నల్ల పోర్టులో పెడితే నాలుగు గంటలు దాటుతుంది. పెళ్లి వీడియో దగ్గరికి వచ్చేసరికి "ఫైలు మరీ పెద్దది" అని మొరాయిస్తే ఆ డిస్కు ఫ్యాట్ 32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉందన్నమాట. దానికి 4 జీబీ దాటిన ఫైలు మింగుడుపడదు. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోకో, ఎక్స్‌ఫ్యాట్‌లోకో మార్చుకుంటే సరి. డిస్కు ఖాళీగా ఉన్నప్పుడే మార్చండి సుమా, ఫార్మాట్ అంటే తుడిచిపెట్టడమే.

ఇక మా బాబాయి సంగతి. తెనాలిలో ఉంటాడు. రిటైరయ్యాక ఊరి చరిత్ర రాసే పనిలో పడ్డాడు. శాసనాల ఫొటోలు, పెద్దవాళ్ల మాటల రికార్డింగులు, టైపు చేసిన వందల పేజీలు, అన్నీ ఒకే కంప్యూటర్‌లో. నేను పోరగా పోరగా ఎక్స్‌టర్నల్ డిస్కు కొన్నాడు. చూడ్డానికి వెళ్తే అది కంప్యూటర్ వెనకాల వేలాడుతూ ఉంది.

"ఇది ఎప్పుడూ ఇలాగే ఉంటుందా బాబాయ్?"

"మరి? తీసి పెట్టి, తీసి పెట్టి, ఎవడు పడతాడురా ఆ బాధ? ఉండనీ, దానంతటది కాపీ చేసుకుంటుంది."

2017 మే నెలలో వనాక్రై అనే దొంగ ప్రోగ్రాము పిడుగులా ప్రపంచం మీద పడింది, గుర్తుందా? నూట యాభై దేశాల దాకా పాకింది. మన ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ఫైళ్లన్నిటికీ తాళం వేసి, 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్లు కడితేగానీ తియ్యనంటుంది. అసలు డిస్కు ఏది, రెండో డిస్కు ఏది అని అది అడగదు. ఆ నిమిషంలో కంప్యూటర్‌కి తగిలించి ఉన్న ప్రతి డిస్కూ దానికి సమానమే. పిడుగు పడి కరెంటు ఎగదన్నినా అంతే. ఇదంతా చెప్తే బాబాయి కాసేపు ఆలోచించి, "అయితే కాపీ అయ్యాక పీకేయాలంటావు" అన్నాడు. పీకేయాలి. ఊరికే లాగెయ్యకుండా సేఫ్లీ రిమూవ్ అని నొక్కి, అది సరేనన్నాక పీకాలి. కాపీ అయిపోయినట్టు తెర చెప్పినా రాత పూర్తవడానికి ఇంకొన్ని క్షణాలు పట్టొచ్చు. ఇది వైరు దూరం.

రెండోది కాలం దూరం. కాపీ చేసే ప్రోగ్రాముల్లో మిర్రర్ అని ఒక పద్ధతి ఉంది. విండోస్‌లోని రోబోకాపీలో కూడా ఆ ఏర్పాటుంది. ఇక్కడ ఉన్నదే అక్కడా ఉండాలి, ఇక్కడ లేనిది అక్కడా ఉండకూడదు. వినడానికి చక్కగా ఉంది. సోమవారం పొరపాటున ఒక ఫోల్డర్ డిలీట్ అయిందనుకోండి. మంగళవారం ఆ ప్రోగ్రాము బుద్ధిగా వెళ్లి రెండో డిస్కులోంచి కూడా ఆ ఫోల్డర్‌ని తీసేసి వస్తుంది. బుధవారం మీకు గుర్తొస్తుంది. "గూగుల్ ఫొటోస్‌లో ఉన్నాయిగా" అనేవాళ్లకీ ఇదే మాట. ఫోన్‌లో బ్యాకప్ అయిన ఫొటోని ఆ యాప్‌లో డిలీట్ కొడితే గూగుల్ దగ్గరున్న కాపీ కూడా పోతుంది. ట్రాష్‌లో ఉన్న కొన్నాళ్లలో గుర్తొస్తే సరి, లేకపోతే లేదు. అందుకే పాత రూపాలని కూడా దాచి ఉంచే పద్ధతి కావాలి. ఆపిల్ వాళ్లు 2007లో టైమ్ మెషిన్ అనీ, మైక్రోసాఫ్ట్ వాళ్లు 2012లో విండోస్ 8తో ఫైల్ హిస్టరీ అనీ ఇచ్చింది ఇందుకే. నిన్నటిదీ, మొన్నటిదీ, పోయిన నెలదీ విడివిడిగా దాస్తాయి. రెట్టింపు సైజు డిస్కు కొనమన్నది ఈ పాతవాటికి చోటు కోసమే.

మూడోది ఊరి దూరం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగితే విజయవాడ సింగ్‌నగర్ చుట్టుపక్కల ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలాంటప్పుడు కంప్యూటర్ బల్ల మీదా, బ్యాకప్ డిస్కు ఆ బల్ల సొరుగులోనూ ఉంటే రెండూ ఒకే నీళ్లు తాగుతాయి. దొంగ వచ్చినా ల్యాప్‌టాప్ పట్టుకెళ్లి పక్కనున్న డిస్కుని వదిలేసి వెళ్లడు కదా. పీటర్ క్రో అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ తన పుస్తకంలో చెప్పి ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం ఇదే. కాపీలు 3, రెండు రకాల వస్తువుల మీద, అందులో 1 ఇంటి బయట. మనకి అదెంత పని చెప్పండి! అక్కయ్యగారిల్లు వేరే పేటలో ఉంటుంది. పండక్కి వెళ్లినప్పుడు ఒక డిస్కు అక్కడ పెట్టి, అక్కడున్న పాతది తెచ్చుకుంటే చాలు. వాళ్ల డిస్కు మనింట్లో, మన డిస్కు వాళ్లింట్లో. అందులో ఆధార్, పాన్, పొలం కాగితాలూ ఉంటాయి కాబట్టి డిస్కుకి పాస్‌వర్డ్ తాళం వెయ్యండి. వెరాక్రిప్ట్ లాంటివి ఉచితంగానే దొరుకుతాయి. ఆ పాస్‌వర్డ్‌ని మాత్రం కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. మర్చిపోతే ఆ తాళం మనకీ రాదు, బ్రహ్మకీ రాదు.

ఇలాంటి దూరం ఒక సినిమానే కాపాడిన కథ ఒకటుంది. 1998లో పిక్సార్ స్టూడియోలో టాయ్ స్టోరీ 2 తయారవుతోంది. ఎవరో కొట్టిన డిలీట్ కమాండ్ ఒకటి సినిమా ఫైళ్లని తినడం మొదలుపెట్టింది. చూస్తుండగానే బొమ్మలు మాయమవుతున్నాయి. ఫరవాలేదు, బ్యాకప్ ఉందిగా అనుకున్నారు. తీసి చూస్తే ఆ బ్యాకప్ కొన్నాళ్లుగా సరిగ్గా పనిచెయ్యడమే లేదు! అంత పెద్ద స్టూడియోలో ఆ సంగతి ఎవరికీ తెలీదు. చివరికి గాలిన్ సస్మన్ అనే సాంకేతిక దర్శకురాలు, పసిబిడ్డ ఉంది కదా అని ఇంటి నుంచి పనిచేసుకుంటూ, సినిమా కాపీ ఒకటి ఇంటి కంప్యూటర్‌లో పెట్టుకుని ఉంది. ఆ కంప్యూటర్‌ని దుప్పట్లలో చుట్టి, కారులో మెల్లగా స్టూడియోకి తెచ్చారు. సినిమా బతికింది. తమాషా ఏమిటంటే, ఆ తర్వాత కథ నచ్చక చాలా భాగం మళ్లీ మొదట్నుంచీ తీశారు. అదీ మంచిదే. పోగొట్టుకుని మళ్లీ తియ్యడం వేరు, నచ్చక మళ్లీ తియ్యడం వేరు.

పిక్సార్‌కి లేనిది బ్యాకప్ కాదండీ, దాన్ని తెరిచి చూసే అలవాటు. మనకీ అంతే. బార్ నిండుతుంది, "పూర్తయింది" అంటుంది, డిస్కు పీకి బీరువాలో పెడతాం. లోపలికి ఏం వెళ్లిందో చూసేది ఎవరు? అందుకని బాబాయికి ఇంకో షరతు పెట్టాను. నెలకోసారి డిస్కు తీసుకెళ్లి వేరే కంప్యూటర్‌కి తగిలించు, ఏదో ఒక ఫైలు తెరువు, కళ్లతో చూడు. "నీ చాదస్తం రోజురోజుకీ ముదురుతోందిరా" అంటూనే మొన్న హైదరాబాద్ వచ్చినప్పుడు డిస్కు వెంట తెచ్చాడు.

మా కంప్యూటర్‌కి తగిలించాం. ఫొటోలు తెరుచుకున్నాయి. రికార్డింగులు మోగాయి. ఊరి చరిత్ర మొదటి అధ్యాయం తెరిస్తే తెరనిండా ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, గీతలు.

"ఇదేం భాషరా? నేను రాసింది కాదే!"

నువ్వు పాత తెలుగు ఫాంటులో రాసిందే బాబాయ్. యూనికోడ్ వాడకంలోకి రాకముందు డీటీపీ సెంటర్లలో తెలుగంతా ఇలాగే నడిచింది. లోపల ఉండేవి ఇంగ్లీషు సంకేతాలే. పైన ఆ ఫాంటు ఉంటేనే అవి అ, ఆలుగా కనిపిస్తాయి. ఫైలు డిస్కులోకి వచ్చింది. ఫాంటు తెనాలిలో సీ డ్రైవ్‌లో ఉండిపోయింది, ఎందుకంటే మనం విండోస్ ఫోల్డర్‌ని కాపీ చెయ్యలేదు. తెనాలి కంప్యూటర్ బాగున్నంతకాలం ఈ సంగతి బయటపడేదే కాదు.

బాబాయి వెంటనే పిన్నికి ఫోన్ చేశాడు. "ఏమోయ్, కంప్యూటర్ ఆన్ చేసి... అబ్బ, టీవీ కట్టెయ్యి ముందు... చెప్తా విను, కంట్రోల్ ప్యానెల్‌లో ఫాంట్స్ అని ఉంటుంది..." అరగంట పట్టింది. ఆ ఫాంటు మెయిల్‌లో వచ్చింది, ఇన్‌స్టాల్ చేశాం, ఊరి చరిత్ర మళ్లీ తెలుగైంది. దాన్ని డిస్కులో చరిత్ర పక్కనే ఒక ఫోల్డర్ చేసి పెట్టి, అధ్యాయాలన్నీ ఒక్కొక్కటిగా యూనికోడ్‌లోకి మార్చే పని నాకు అప్పజెప్పి మరీ బస్సెక్కాడు.