పిల్లి తిండి – వెల

అంగడిలో పిల్లితిండి పొట్లములు రెండు తెఱగులు: వెల హెచ్చినవి, వెల తగ్గినవి. బడిపంతులు జీతముతో గడుపుకొను మావంటివారి కిది చిన్న చిక్కు గాదు. పిల్లికి హెచ్చించినచో పిల్లల పాలలో తగ్గవలెను.

మేము పైబొమ్మను జూడక వెనుకవ్రాతను జదివితిమి. టారీన్ అను పదార్థము కొఱవడినచో పిల్లుల గుండె చెడునని 1987లో కాలిఫోర్నియా పండితులు ప్రకటించిరి. అది మాంసమునందును చేపలయందును గలదు, అన్నమునందు లేదు. కావున పెరుగన్నముతోనే పిల్లిని బెంచుట (మావంటి శాకాహార గృహములలో నిది వాడుకయే) దానికి మేలు గాదు. చౌకపొట్లముపై సంపూర్ణాహారమని వ్రాసియుండి, టారీన్ పేరును, నూటికి 30 పాళ్ళ మాంసకృత్తులును గనబడినచో మేము దానినే కొందుము. మూత్రము బిగిసిన పిల్లిని మాత్రము వెంటనే పశువైద్యునకు జూపి, యాతడు చెప్పినదే పెట్టవలెను. అందు బేరము లేదు.

ఎలుకలుండగా పొట్లమేల యని మా యత్తగారు. పిల్లి యామె మాట వినుట లేదు.