బండి కంటే ముందు దాని గతం చూడండి!

మా హుజూర్‌నగర్ చుట్టుపక్కల అమ్మకానికొచ్చే సెకండ్ హ్యాండ్ కార్లన్నీ ఓ డాక్టర్‌గారివే. పాపం ఆయనకు కారెక్కే తీరికే ఉండదు. ఆదివారం గుడికి మాత్రం తీసేవారట. అందుకే ఎనిమిదేళ్లయినా నలభై వేల కిలోమీటర్లే తిరిగిందట! రెండు నెలల్లో కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ కలిపి తొమ్మిది బండ్లు చూశాను. అందులో ఐదు డాక్టర్‌గారివే. ఇంతమంది డాక్టర్లు ఇక్కడే ఉంటే అమ్మను చూపించడానికి హైదరాబాద్ దాకా ఎందుకు పోతున్నామా అనుకున్నాను.

అసలు మాకు కారు అవసరం పడింది అమ్మ కోసమే. గుండెకు స్టెంట్ వేశాక రెండు నెలలకోసారి చెకప్ ఉంటుంది. బస్సులో అంతసేపు కూర్చోలేదు. కిరాయి కారు మాట్లాడితే ఒక్క ట్రిప్పుకే ఐదారు వేలు. అర్ధరాత్రి నొప్పి వస్తే ఎవరి తలుపు కొట్టాలన్నది ఇంకో భయం. నాన్న యాసంగి వడ్లు అమ్మిన పైసల్లోంచి రెండు లక్షలు తీశాడు. నేను జీతంలో దాచింది లక్షన్నర. మొత్తం మూడున్నర లక్షలు. "ఇవి పోతే మళ్లా జమ కావాలంటే రెండు పంటలు పడతది బిడ్డా, చూసి కొను" అన్నాడు నాన్న.

ఆ ఒక్క మాట కోసం నేను చాలా తిరిగాను, చాలామందిని అడిగాను. చివరికి నాకు అర్థమైంది ఇదీ: కొత్త కారు కొంటే కారొక్కటే వస్తుంది. పాత కారు కొంటే మనకంటే ముందు దాన్ని నడిపినవాళ్ల అలవాట్లు, అప్పులు, యాక్సిడెంట్లు కూడా వెంట వస్తాయి. అందుకే ధర అడిగే ముందు బండి గతం అడగాలి.

సగం పని ఫోన్‌లోనే

బండి చూడ్డానికి వెళ్లే ముందే ఆర్‌సీ, ఇన్సూరెన్స్ ఫొటోలు వాట్సాప్‌లో పంపమనండి. ముగ్గురు నాతో "ముందు వచ్చి బండి చూడు తమ్మీ, కాగితాలదేముంది" అన్నారు. ఆ ముగ్గురి దగ్గరికీ నేను పోలేదు.

ఆర్‌సీలో చూడాల్సినవి కొన్నే. తయారైన నెల, సంవత్సరం, ఎన్నో ఓనర్, ఏ బ్యాంకు లోన్ ఉంది. ఏ సంస్థ పేరైనా హైపోథికేషన్ కింద కనిపిస్తే, ఆ అప్పు తీరినట్టు బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, 35వ నంబర్ ఫారం చేతికి రానిదే అడ్వాన్స్ ఇవ్వకండి. సొంత కార్లకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు ఉంటుంది. 2012 బండి చవగ్గా వస్తోందంటే, 2027లో దాన్ని రెన్యువల్ చేయించే పని మీదేనని గుర్తుపెట్టుకోండి. బండి నంబర్ కొట్టి పెండింగ్ చలాన్లు కూడా చూసుకోండి. ఎక్కడెక్కడ, ఎంత స్పీడులో పోయిందో చలాన్లే చెప్తాయి.

ఇన్సూరెన్స్ కాగితంలో చాలామంది చూడని ఓ లైను ఉంటుంది. నో క్లెయిమ్ బోనస్. క్లెయిమ్ చేయని ఏడాదులు పెరిగేకొద్దీ అది 20, 25, 35, 45, 50 శాతం దాకా పోతుంది. ఆరేళ్ల బండికి ఆ బోనస్ సున్నా ఉందంటే, దగ్గర్లోనే ఏదో క్లెయిమ్ అయి ఉండాలి, లేదా పాలసీ మధ్యలో ఆగిపోయి ఉండాలి. ఏంటో అడగండి. ఇంకోటి, ఆ బోనస్ బండితో పాటు మనకు రాదు. పాత ఓనర్‌తోనే పోతుంది. కాబట్టి మన ప్రీమియం ఎక్కువే పడుతుంది, ముందే లెక్కలో వేసుకోండి.

మాది రాష్ట్రం సరిహద్దు. టీఎస్ 05, టీఎస్ 29 బండ్ల పక్కనే ఏపీ 16, ఏపీ 39 బండ్లు కూడా అమ్మకానికి ఉంటాయి. ధర యాభై, అరవై వేలు తక్కువ చెప్తారు. ఊరికే కాదు. అక్కడి రవాణా ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ తేవాలి, ఇక్కడ బండి వయసును బట్టి మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, కొత్త నంబర్ తీసుకోవాలి. ఢిల్లీ బండ్లదీ ఇదే కథ. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ కార్లు, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ కార్లు తిరగొద్దని 2018లో సుప్రీంకోర్టు చెప్పాక, చాలా కార్లు చవగ్గా దక్షిణాదికి వచ్చాయి. ట్యాక్స్, తిరుగుడు అన్నీ కలుపుకుని చూస్తే మిగిలేది తక్కువే.

సీట్ బెల్ట్ చెప్పిన నిజం

2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 మా వైపు ఎవరూ మర్చిపోరు. హుజూర్‌నగర్, కోదాడ వానకు మునిగాయి. కోదాడలో కార్లు కొట్టుకుపోయాయి, మనుషుల ప్రాణాలు పోయాయి. విజయవాడ హైవే ఆగిపోయింది. అదే సమయంలో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకు కాలనీలే నీళ్లలో ఉన్నాయి. ఇళ్ల ముందున్న కార్లు అద్దాల దాకా మునిగిన వీడియోలు మీరూ చూసే ఉంటారు. ఆ కార్లన్నీ తుక్కుకు పోలేదు. రిపేరు ఖర్చు ఇన్సూరెన్స్ విలువలో 75 శాతం దాటితే కంపెనీలు టోటల్ లాస్ కింద డబ్బు కట్టేస్తాయి. ఆ బండిని వేరేవాళ్లు కొని, కడిగి, పాలిష్ పెట్టి మళ్లీ రోడ్డు మీదకు తెచ్చే వీలుంది.

నేను చూసిన నాలుగో బండి మిలమిలా మెరుస్తోంది. 2018 డీజిల్ కారు, ఏపీ నంబర్. సీట్ కవర్లు కొత్తవి, మ్యాట్లు కొత్తవి, లోపల అత్తరు వాసన గుప్పుమంటోంది. వెనక సీట్ బెల్ట్ పట్టుకుని చివరి దాకా లాగాను. చివరి జానెడు మీద అడ్డంగా మట్టి చార! స్టెప్నీ టైరు తీస్తే దాని కింద గుంటలో ఎండిన ఒండ్రు. "కిటికీ తీసి పెడితే వాన పడ్డది తమ్మీ, ఏం గాదు" అన్నాడు అమ్మే ఆయన. నమస్తే పెట్టి వచ్చేశాను.

నీళ్లలో మునిగిన బండి ఇవాళ నడుస్తుంది. ఆరు నెలలకు వైర్ల జాయింట్లు పచ్చగా తుప్పు పట్టి, ఏ రాత్రో హైవే మీద లైట్లు ఆరిపోవచ్చు, ఎయిర్ బ్యాగ్ పని చేయకపోవచ్చు. అందుకే సీట్ బెల్ట్ పూర్తిగా లాగండి. కార్పెట్ మూల ఎత్తి కింద చెయ్యి పెట్టండి. సీట్ల కింద బోల్టులు, డ్యాష్‌బోర్డు కింద స్క్రూలు తుప్పు పట్టాయేమో ఫోన్ టార్చ్‌తో చూడండి. హెడ్‌లైట్ లోపల నీటి ఆవిరి ఉందేమో గమనించండి. ఏసీ వేసి అద్దాలు మూసి రెండు నిమిషాలు కూర్చోండి. ముక్క వాసన అత్తరును దాటుకుని వస్తుంది.

మీటర్ మీద నమ్మకం వద్దు

కిలోమీటర్లు వెనక్కి తిప్పడం పెద్ద పనేం కాదు. బండి మిగతా భాగాలను తిప్పడమే కష్టం. నలభై వేలే తిరిగిందంటారు, బ్రేక్ పెడల్ రబ్బరు అరిగి నున్నగా ఉంటుంది. స్టీరింగ్ అద్దంలా మెరుస్తుంది. డ్రైవర్ సీటు ఓ పక్కకు కుంగి ఉంటుంది. టైరు మీద నాలుగంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. స్టెప్నీతో కలిపి ఐదు టైర్లూ చూస్తే, ఎన్నిసార్లు మార్చారో ఓ అంచనా వస్తుంది. అన్నింటికంటే నమ్మకమైంది సర్వీస్ రికార్డు. ఏ తేదీన ఎన్ని కిలోమీటర్ల దగ్గర సర్వీస్ అయిందో కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఉంటుంది. ఓనర్‌ను వెంట పెట్టుకుని వెళ్లి అడగండి. రానంటే అదీ ఓ సమాధానమే.

కీ తిప్పగానే ఎయిర్ బ్యాగ్ గుర్తు వెలిగి, కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. అసలు వెలగకపోయినా, వెలిగి ఆరకపోయినా అనుమానమే. ఛాసిస్ నంబర్ 17 అక్షరాలూ ఆర్‌సీతో ఒక్కొక్కటే సరిచూసుకోండి.

చల్లటి ఇంజిన్, మన మెకానిక్

బండి చూడ్డానికి పొద్దున్నే వెళ్లండి. "నేనొచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దు" అని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే, చల్లటి ఇంజిన్‌లో ఏదో తేడా ఉందని వాళ్లకు ముందే తెలుసేమో! స్టార్ట్ చేశాక పొగ చూడండి. నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది. ఇంజిన్ వేడెక్కినా తెల్ల పొగ ఆగకపోతే కూలెంట్ లోపలికి పోతోందేమో చూడాలి. ఇంజిన్ ఆపాక ఆయిల్ మూత తీస్తే మీగడలాంటిది కనిపించినా అదే అనుమానం.

మా ఊరి మెకానిక్ మామకు ట్రిప్పుకు వెయ్యి రూపాయలిచ్చి వెంట తీసుకెళ్లాను. అమ్మేవాళ్లు చెప్పిన మెకానిక్‌ను, కమీషన్ వచ్చే మనిషిని వద్దనుకున్నాను. మామ ఇచ్చిన సలహా ఏంటంటే, మంచి రోడ్డు మీద ఏ బండైనా బాగానే పోతుంది. కాబట్టి మేళ్లచెరువు, మఠంపల్లి వైపు సిమెంట్ లారీలు తిరిగే గతుకుల రోడ్డు ఎక్కించాం. అక్కడ సస్పెన్షన్ చప్పుడు తెలిసిపోతుంది. తర్వాత కోదాడ దగ్గర హైవే మీద ఎనభైలో పోతూ స్టీరింగ్ పట్టు కాస్త వదులు చేస్తే, బండి ఓ పక్కకు లాగుతుందో లేదో తెలుస్తుంది. పాటలు ఆపేయండి. అమ్మేవాళ్ల కబుర్లు కూడా!

డీజిలా, పెట్రోలా?

మావాళ్లంతా డీజిల్ తీసుకోమన్నారు. కాగితం మీద లెక్కేశాను. మేం తిరిగేది ఏడాదికి ఆరు వేల కిలోమీటర్లు. లీటరుకు 16 ఇచ్చే పెట్రోల్ బండికి 375 లీటర్లు, రూ.107 లెక్కన దాదాపు 40 వేలు. లీటరుకు 20 ఇచ్చే డీజిల్ బండికి 300 లీటర్లు, రూ.96 లెక్కన 29 వేలు. మిగిలేది 11 వేలు. నేను చూసినవాటిలో డీజిల్ బండి ధర ఎనభై వేలు ఎక్కువుంది. అది రాబట్టుకోవాలంటే ఏడేళ్లు పైనే. ఈలోపు టర్బోనో ఇంజెక్టరో పోతే ఆ మిగులు కూడా గల్లంతు. రోజూ వంద కిలోమీటర్లు తిరిగేవాళ్లకు లెక్క వేరు. మీ తిరుగుడెంతో మీరే రాసుకుని చూడండి.

పేరు మారితేనే బండి మనది

మా పెదనాన్న కొడుకు తన పాత కారు అమ్మి, 29, 30 ఫారాల మీద ఖాళీగా సంతకాలు పెట్టి ఇచ్చేశాడు. కొన్నాయన పేరు మార్చకుండానే ఇంకొకరికి అమ్మాడు. ఏడాదిన్నర తర్వాత కూడా చలాన్లు అన్న ఫోన్‌కే వచ్చేవి. చలాన్లే కాబట్టి సరిపోయింది. ఇలాగే చేతులు మారుతూ పోయిన ఓ కారు యాక్సిడెంట్ చేసిన కేసులో, రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరుంటే వాళ్లే ఓనర్, పరిహారం బాధ్యత వాళ్లదేనని సుప్రీంకోర్టు 2018లో తేల్చి చెప్పింది.

ఇది అమ్మేవాళ్ల తలనొప్పేలే అనుకోకండి. ఇన్సూరెన్స్ మన పేరు మీదకు 14 రోజుల్లో మార్చుకోకపోతే, రేపు మన బండికి దెబ్బ తగిలినప్పుడు క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది. పాత ఓనర్ ఊరు మారినా, మనిషే లేకుండా పోయినా సంతకం కోసం ఎవరి చుట్టూ తిరగాలి?

చివరికి మేం కొన్నది 2017 పెట్రోల్ వ్యాగన్ ఆర్. మిర్యాలగూడలో రైస్ మిల్లు గుమాస్తాగారిది. 68 వేల కిలోమీటర్లు తిరిగింది, ఆ సంగతి దాచలేదు. వెనక బంపర్ మీద పొడుగాటి గీత. సర్వీస్ బిల్లులన్నీ ఓ ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇచ్చారు. మూడు లక్షల ఐదు వేలు చెప్పి, రెండు లక్షల తొంభైకి ఒప్పుకున్నారు. ఇరవై వేలు పేరు మారాక ఇస్తామని కాగితం రాసుకున్నాం. బండి అప్పగించిన తేదీ, టైము కూడా అందులోనే రాశాం. సూర్యాపేట రవాణా ఆఫీసులో పని అయిపోయి, నాన్న పేరుతో ఆర్‌సీ వచ్చిన రోజే ఆయన ఇరవై వేలు ఆయనకు పంపాం. మిగిలిన పైసల్లో రెండు టైర్లు, బ్యాటరీ, ఇన్సూరెన్స్ అయ్యాయి. కొన్న ధర మీద ఇలా నలభై, యాభై వేలు పక్కన పెట్టుకోకుండా పాత కారు జోలికి పోకండి.

అమ్మ చెకప్‌కు ఇప్పటికి మూడుసార్లు వెళ్లొచ్చాం. ఆ బంపర్ మీది గీతకు రంగు వేయిస్తానని మెకానిక్ మామ అంటూనే ఉంటాడు. నేనే వద్దన్నాను. గుమాస్తాగారి కవర్లో ఇప్పుడు నా బిల్లులు కూడా చేరుతున్నాయి. ఈ బండిని మా తర్వాత కొనేవాళ్లకు ఆ గీతా, ఆ బిల్లులూ రెండూ కనపడాలి కదా!