బాబాకి విలన్ ఎందుకండీ?

సాయంత్రం ఏడు కొట్టిందంటే మా ఇంట్లో రెండు పనులు ఒకేసారి మొదలవుతాయి. టి.వి.లో సాయిబాబా సీరియల్, బామ్మ కాలికి కట్టు మార్చడం. షుగరు పుండు. రోజూ కడిగి, మందు రాసి, కొత్త గుడ్డ చుట్టాలి. ఆ డ్యూటీ నాది.

మొదట్లో సీరియల్లో పడితే బామ్మకి నొప్పే తెలిసేది కాదు. ఇప్పుడో? "అబ్బ, మెల్లిగారా!" అంటోంది. అంటే కథలో పట్టు పోయిందన్నమాట! రేటింగుల కంటే మా బామ్మ కాలే కచ్చితం.

ఏమయిందంటారా? షిరిడీలో ఓ దుర్మార్గుడు ప్రవేశించాడు. మూడు వారాలుగా కుట్రలు పన్నుతూనే ఉన్నాడు. బాబా చిరునవ్వు నవ్వుతారు. ఉరుము ఉరుముతుంది. అందరి మొహాలూ మూడేసిసార్లు చూపిస్తారు. మిగతాది రేపు! రేపూ అంతే!

రచయితల అవస్థ నాకు అర్థం కాకపోలేదు. 1987లో మొదలైన రామానంద్ సాగర్ 'రామాయణ్'కి వనవాసం, సీతాపహరణం, వారధి, యుద్ధం అంటూ దారి ముందే వేసి ఉంది. 1986లో కె. వాసు తీసిన 'శ్రీ షిరిడీ సాయిబాబా మహత్యం'లో విజయచందర్‌ని కళ్ళప్పగించి చూశాం, కానీ అది ఒక్క ఆటలో ముగిసే కథ. రోజూ నడవాల్సిన సీరియల్‌కి మసీదు, ధుని, అయిదిళ్ళ భిక్ష ఎన్నాళ్ళు సరిపోతాయి? అందుకే విలన్ని దింపుతారు. కానీ బాబాకి ప్రమాదమంటే పసిపిల్లలు కూడా నమ్మరే! బాబా మారరు. మారేది ఆయన దగ్గరికొచ్చినవాడు. కథ వాడిది!

ఉదాహరణకి భాగోజీ షిందే. కుష్ఠురోగి. 1910 దీపావళి రోజుల్లో బాబా ధునిలోకి కట్టెలు తోస్తూ తోస్తూ చెయ్యి కూడా మంటల్లో పెట్టేశారు. శ్యామా పరుగున వచ్చి వెనక్కి లాగాడు. ఎక్కడో కమ్మరి కొలిమిలో జారిపడ్డ బిడ్డని కాపాడానన్నారు బాబా. నానా చందోర్కర్ బొంబాయి నుంచి డాక్టర్ పరమానంద్‌ని వెంటబెట్టుకొచ్చాడు. బాబా చెయ్యి చూపించలేదు. ఆ చేతికి రోజూ నెయ్యి రాసి, ఆకు వేసి కట్టు కట్టింది భాగోజీ! పుండు మానాక కూడా, 1918లో బాబా సమాధి చెందేదాకా ఆ సేవ సాగిందని 'సాయి సచ్చరిత్ర' చెబుతోంది.

మనవాళ్ళు మంటల సీనుతో ఎపిసోడ్ ముగిస్తారు. నేనైతే అక్కడే మొదలుపెడతాను. మొదటిరోజు ఆ చేతులు ఎలా వణికాయో! డాక్టరుని కాదని తననే ఎందుకు దగ్గరికి రానిచ్చారని రాత్రంతా ఎంత ఆలోచించాడో! ఇంక కుట్రలెందుకు? వారానికొక భక్తుణ్ణి తీసుకోండి. పోలీసు ఉద్యోగం వదిలి కీర్తనలు పాడుకున్న దాసగణు ఉన్నాడు. చివరి ఘడియల్లో బాబా చేతి నుంచి తొమ్మిది రూపాయలు అందుకున్న లక్ష్మీబాయి ఉంది.

నిన్న సాయంత్రం టి.వి. గొంతు తగ్గించి, కట్టు మారుస్తూ బామ్మకి ఈ భాగోజీ కథ చెప్పాను. ఒక్కసారి కూడా "మెల్లిగా" అనలేదు. ముడి వేసి లేస్తూంటే నా చెయ్యి పట్టుకుంది.

"మరి ఆ భాగోజీకి ఎవరు కట్టారురా కట్టు?"

రచయితగారూ, మీ వచ్చేవారం కథ ఇదేనండీ!