డోరు ‘ధప్’మంది!

అబిడ్స్, నాంపల్లి సందుల్లో కారు డెకార్ దుకాణం ముందు కాసేపు నిలబడితే ఓ చిత్రమైన దృశ్యం కనిపిస్తుంది. మెకానిక్ కారు తలుపు మీద పిడికిలితో కొడతాడు. చెవి ఆనించి వింటాడు. అచ్చం వైద్యుడిలాగే.

ఆ రోజు ఓ పాత కారు డోరు ఖాళీ డబ్బాలా మోగింది. ‘‘స్పీకర్ అచ్ఛాచ్ హై సాబ్... దర్వాజా బజ్ రా’’ అన్నాడు మెకానిక్. స్పీకరులో లోపం లేదు, మోగుతోంది తలుపేనట!

కారు యజమాని బ్యాంకు ఉద్యోగి. రెండు నెలల కిందట సరదాపడి నాలుగు డోర్లకూ కొత్త స్పీకర్లు, డిక్కీలో సబ్‌వూఫర్ పెట్టించాడు. పాట మొదలైతే చాలు, డోర్లు జిల్లుమంటాయి, నంబరు ప్లేటు గలగలమంటుంది. పిల్లలకు అదో సంబరం. కానీ ముందు సీట్లో కూర్చునే నాన్నకు చెవి మిషన్ ఉంది. మాటలతోపాటు ఆ గలగలనూ అది పెంచి వినిపిస్తుంది. మొదట్లో ఆయన మిషన్ తీసి జేబులో పెట్టుకునేవారు. తర్వాత ‘‘మీరెళ్లి రండిరా’’ అనడం మొదలుపెట్టారు. ఆఖరికి కూతురింటికి కూడా రావడం మానేశారు. కోప్పడితే సర్దిచెప్పొచ్చు. మాట్లాడకుండా మానుకుంటే ఏం చేయాలి?

తలుపంటే పల్చటి రేకు, లోపల ఖాళీ. స్పీకరు ముందువైపే కాదు, వెనకవైపూ శబ్దం చేస్తుంది. వెనకది తలుపు లోపలి కంతల్లోంచి వచ్చి ముందుదానితో కలిస్తే బేస్ చచ్చిపోతుంది. చాలట్లేదని మనం వాల్యూమ్ పెంచుతాం. రేకు ఇంకా అదురుతుంది.

డ్యాంపింగ్ ప్యాడ్ల పని ఇక్కడే. పైన అల్యూమినియం పొర, కింద జిగురుగా బ్యూటైల్ రబ్బరు. మందం సుమారు 2 మిల్లీమీటర్లు. రేకు అదిరినప్పుడు రబ్బరు సాగుతుంది, ఆ అదురు కాస్తంత వేడిగా మారి పోతుంది. మోగుతున్న కంచం మీద చెయ్యి వేసినట్టే! తలుపంతా కప్పక్కర్లేదు. రేకు వెడల్పుగా ఉన్నచోట పావు వంతు పరిచినా మోత బాగా తగ్గుతుంది. అయితే దుమ్ము, జిడ్డు తుడిచి, రోలరుతో గట్టిగా అదమాలి. చవకని తారు షీట్లు వేయిస్తే మన మే నెల ఎండకు మెత్తబడి జారతాయి, వాసనా వస్తుంది. అన్నట్టు, తలుపు అడుగున ఉండే చిన్న కంతల్ని మాత్రం మూయనివ్వకండి. అద్దం సందులోంచి దిగిన వాన నీళ్లు పోయేది వాటిలోంచే. ఇక, ప్యాడ్లు వేస్తే బయటి హారన్లే వినపడవని చెప్పేవాళ్లూ ఉంటారు. అంత ఆశ వద్దు.

పని అయ్యేసరికి సాయంత్రమైంది. నంబరు ప్లేటు వెనక ఫోమ్ ముక్క అంటించి, సబ్‌వూఫర్ గెయిన్ కూడా తగ్గించాడు మెకానిక్. డబ్బులిచ్చి మరీ శబ్దం తగ్గించుకోవడమా అని యజమాని మొహం చిన్నబోయింది. పాట పెట్టి చూశాక ఆ మాట ఎత్తలేదు.

ఆదివారం బతిమాలితే నాన్న కారెక్కారు. తలుపు ‘ధప్’మని పడింది.

‘‘ఇది మన బండేనా?’’ అన్నారు.

నాంపల్లిలో ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ దాటుతుంటే ఆయనకేదో గుర్తొచ్చింది. ‘‘నుమాయిష్‌లో నువ్వు తప్పిపోయినప్పుడు మైకులో నీ పేరు చెప్పించాం, తెలుసా! ఆ గోలలో మీ అమ్మకది వినపడనే లేదు’’ అంటూ మొదలుపెట్టారు. సరిగ్గా వినిపించాలని కొడుకు పాట ఆపబోయాడు.

‘‘ఉండనీరా, వింటున్నాగా’’ అన్నారు నాన్న.