ఖాళీ వేరు, సున్న వేరు

‘ఖాళీ’ అనే మాట ఉర్దూ ద్వారా తెలుగులోనికి వచ్చి స్థిరపడినది. ‘దరఖాస్తు’ కూడా అటువంటిదే. ఈ రెండు మాటలు కలిసిన చోట, అనగా దరఖాస్తులోని ఖాళీ గడి వద్ద, ఎంత చిక్కు దాగి ఉన్నదో ప్రోగ్రాములు వ్రాయడం నేర్చుకొనిన తరువాత గాని మాకు తెలియలేదు.

మేము రెజిమెంటల్ బజారు వాసులము. సికింద్రాబాద్ రైల్వే స్టేషనుకు చేరువలోనున్న ఈ పేట పూర్వం దండును ఆశ్రయించి పుట్టినదని పేరే చెబుతుంది. ఇక్కడ ఇరుగుపొరుగు వారు తమ పిల్లల దరఖాస్తులు నింపిపెట్టమని మా వద్దకు వస్తారు. తెలుగు కుటుంబాల వారికి ‘ఇంటిపేరు’ అనే గడి సులభం. ముస్లిం సోదరులలో అనేకులకు ఇంటిపేరు అనేదే లేదు. వారు ఆ గడిని విడిచిపెట్టడం మరపు కాదు. అదే వారి సమాధానము.

ఈ దరఖాస్తులను సరిచూచుటకు ఒక చిన్న ప్రోగ్రాము తలపెట్టాము. మేము ఆధారముగా తీసుకొనిన వివరణ పత్రములో ఒక వాక్యమున్నది: గుణమునకు విలువ ఉన్నచో ఈ పరీక్ష ‘నిజము’ అని చెప్పును. విలువ ఉండుట అనగా నేమి? గడి ఉంటే చాలునని ఒకరు, గడిలో ఏదో ఒకటి వ్రాసి ఉండవలెనని ఒకరు, సున్న వ్రాస్తే అది లెక్కకు రాదని మరొకరు అన్నారు. ఒక్క వాక్యము ముగ్గురికి మూడు విధములుగా వినిపించినది.

వెబ్ పుటలను రూపొందించే హెచ్‌టీఎంఎల్‌లో ‘డేటా’ అనే మాటతో మొదలయ్యే గుణములు ఉంటాయి. ‘హ్యాజ్ అట్రిబ్యూట్’ అని అడిగితే గుణము ఉన్నదా లేదా అనే చెబుతుంది; దాని విలువ ఖాళీయైనా ‘నిజము’ అనే అంటుంది. ‘గెట్ అట్రిబ్యూట్’ అని అడిగితే గుణమే లేనప్పుడు ‘నల్’ అని, ఉండి ఖాళీగా ఉన్నప్పుడు ఒక్క అక్షరమైనా లేని పదమును ఇస్తుంది. జావాస్క్రిప్టులో ఈ రెండూ షరతు వద్ద ‘అబద్ధము’ క్రిందనే జమ. అక్షరరూపములోని ‘0’ నిజమే గాని, దానినే సంఖ్యగా మార్చితే అబద్ధమవుతుంది.

ఇది శుష్కమైన తర్కము కాదు. పని కోల్పోయిన తండ్రి ఉపకార వేతనపు దరఖాస్తులో ఆదాయము 0 అని నిజాయితీగా వ్రాస్తాడు. పరీక్ష దానిని ‘నింపలేదు’ అని త్రిప్పి పంపితే, అందరికన్న అవసరమున్నవాడే ముందుగా వెనుకకు పోతాడు.

మన రెండు భాషలలోను ఈ చిక్కునకు వేరున్నది. ఉర్దూ ‘సిఫర్’కు మూలమైన అరబ్బీ మాటకు ఖాళీ అని అర్థము. మన ‘సున్న’ శూన్యము నుండి వచ్చినది. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు సున్నతో కూడికలు, తీసివేతలు చేయు నియమములను చెప్పి దానిని సంఖ్యల పంక్తిలో కూర్చుండబెట్టాడు. నాటి నుండి సున్న ఒక సమాధానము. ఖాళీ ఒక మౌనము.

మౌనమునకు తప్పు అర్థము చెప్పితే ప్రయాణములు కూడ ఆగుతాయి. 2022 నవంబరులో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ వారు పాస్‌పోర్టులో ఒకే పేరున్న సందర్శకులను అనుమతించబోమన్నారు. తరువాత రెండవ పుటలో తండ్రి పేరో కుటుంబ నామమో ఉన్నచో చాలునని వివరణ వెలువడినది. ఈ వివరణ మొదటనే ఉన్నచో ఎందరి ఆందోళన తప్పేదో గల్ఫునకు పిల్లలను పంపిన ఇండ్లవారికి తెలుసు.

కనుక మా ప్రోగ్రాము వివరణను నాలుగు వాక్యములుగా వ్రాసుకొన్నాము. గుణమే లేకున్న: విలువ లేదు. గుణముండి ఖాళీయైన: విలువ లేదు, కాని ప్రశ్న అడుగబడినది. కేవలము ఖాళీ జాగాలున్న: ఖాళీతో సమానము. సున్న ఉన్న: విలువ ఉన్నది. ప్రతి వాక్యము ప్రక్కన ఒక ఉదాహరణ ఉంచాము. ‘ఇంటిపేరు లేదు’ అని చెప్పుకొనుటకు వేరొక గడిని కూడ చేర్చాము.

ప్రోగ్రాము వ్రాయువారు యంత్రమునకు ఆజ్ఞ ఇస్తారు. వివరణ వ్రాయువారు తోటి మనిషికి మాట ఇస్తారు. రేపు ఈ పనులలో ప్రవేశించబోవు మన కళాశాల విద్యార్థులు ‘విలువ ఉన్నచో’ అని వ్రాయునప్పుడు ఒక్క క్షణమాగి, ఏది విలువ, ఏది ఖాళీ అని మరొక్క వాక్యము చేర్చెదరని ఆశిస్తున్నాము.