వినోదోద్యానమున నొకదినము

గడచిన వేసవిలో మేము కుటుంబసమేతముగా బెంగుళూరునకు పోయి, ఆ పట్టణమునకు నైరృతిదిక్కున మైసూరుబాటలో బిడదియొద్ద నున్న వండర్‌లా యను వినోదోద్యానమును తొలిసారి చూచివచ్చితిమి. అరువదియేండ్లు దాటినవారు ఆటలతోటకు పోయివచ్చి దానిని గూర్చి పత్రికకు వ్రాయుట హాస్యాస్పదమని యొకరిద్దఱు మిత్రులు మమ్ము వారించిరి. మేము వ్రాయదలచినది మా విహారమును గూర్చి కాదు. మాతో వచ్చిన మా మేనత్తను గూర్చి.

మా పుంగనూరునకు రైలు లేదు. అయినను చదువునకు, కొలువునకు, వైద్యమునకు మాయూరివారలు పలువురు మొగము త్రిప్పునది బెంగుళూరువైపే. తెల్లవారుజామున బయలుదేరి, ముళబాగిలు, కోలారుల మీదుగా పోయితిమి. బండిలో మేమును, మా భార్యయు, కుమారుడును, కోడలును, పదియేండ్ల మనుమరాలును, వెనుకదిక్కున చద్దిమూటల నడుమ మా మేనత్తయు నుండిరి. ఆమెకు డెబ్బదియెనిమిదేండ్లు. పదునాఱవయేట పెండ్లి, పందొమ్మిదవయేట వైధవ్యము. నాటినుండియు మా యింటనే యున్నది. మమ్ము నెత్తుకొని పెంచినదియు నామెయే. స్త్రీల దుస్థితిని గూర్చి మేము సభలలో పెక్కుమారులు మాటలాడియున్నాము, చప్పట్లును పడినవి. అయినను నిజము చెప్పవలసినయెడల, ఆమెను ఆనాడు తోడ్కొనిపోయినది వినోదము చూపవలెనని కాదు, రెండుదినములు ఇంట నొంటిగా విడువరాదని మాత్రమే.

ఉద్యానము 82 యెకరముల తోట. వోల్టేజి స్టెబిలైజరులు చేయు వీ-గార్డు సంస్థను స్థాపించిన కొచౌసేఫ్ చిట్టిలపిళ్లిగారు 2000 సంవత్సరమున కొచ్చిలో తమ మొదటి వినోదోద్యానమును నెలకొల్పి, 2005లో బిడదియందు దీనిని తెఱచిరి. బస చేయుటకు లోపలనే విడిదియు 2012లో ఏర్పడినది. మేము నారాత్రి అచటనే యుండ నిశ్చయించుకొంటిమి. వస్తువులు దాచుకొనుటకు తాళపుటరలు బాడుగకు దొరకును. దొరకినను ఏమి? మేము ద్వారము దాటినదే తడవుగా సంచులు, కండ్లజోళ్లు, చరవాణులు, మనుమరాలి చెప్పులు అన్నియు తెచ్చి యొక చెట్టునీడ బల్లపై కూర్చున్న మేనత్త యొడిలో పెట్టితిమి. పెట్టుమని యెవరును చెప్పలేదు. ఏల యని యామెయు నడుగలేదు.

కుమారుడు మనుష్యులను తలక్రిందుగా త్రిప్పు నినుపబాట బండి నెక్కెను. మేము రక్తపుపోటును సాకుగా జేసికొని క్రింద నిలిచితిమి. అట్టి బండ్లకు మూలపురుషులలో నొకడైన లామార్కస్ థాంప్సన్ 1884లో న్యూయార్కు చెంత కోనీ ఐలెండున నడిపిన బండి గంటకు 6 మైళ్లు మాత్రమే పోయెడిదట. వెల 5 సెంట్లు. జనులను కల్లంగళ్లనుండి మరలించి నిర్దోషమైన వినోదము నీయవలెనని యతడు దీనికి పూనుకొనెనని చెప్పుదురు. ఉపన్యాసములతో మేము ఊరిలో సాధింపలేనిదానిని ఆ చెక్కబండి యెంతవఱకు సాధించినదో కాని, అతని యూహ మాకు నచ్చినది.

తరువాత నీటియాటలు. అచటికి నూలుబట్టలతో పోరాదు; నూలుపోగులు వడపోత యంత్రములకు అడ్డుపడునని నైలానుదుస్తులనే యనుమతింతురు. ఇది సహేతుకమైన నియమమే. మేమందఱము బాడుగదుస్తులు తొడిగికొంటిమి. మేనత్త తన నూలుచీరతో గట్టుననే నిలిచినది. కృత్రిమపు టలలు లేచిపడుచున్న యా మడుగును చాలసేపు చూచి యామె, “ఇన్ని నీళ్లు యాడనుంచి వచ్చినాయప్పా?” యని యడిగెను. వాడిన నీటినే వడగట్టి, శుద్ధిచేసి, మరలమరల త్రిప్పుదురని చెప్పితిమి. ఆమె తల యాడించి, “నేను మోసిన కడవలన్నీ ఒగచోట పోసింటే ఇంత గుంట నిండునేమో” అనెను.

మేము నవ్వితిమి. కాని యా మాట మమ్ము విడువలేదు. మా సీమ వానలు తక్కువైన మెట్టసీమ. వేయియడుగులు త్రవ్వినను నీరుపడని బోరుబావులు మాకు క్రొత్త కాదు. మా చిన్నతనమున వేసవి వచ్చెనా, మేనత్త కోడికూయకమునుపే లేచి యూరిబయటి బావికి పోయెడిది. మా యింటిల్లిపాది స్నానపానములు ఆ తలమీదినుండి దిగినవే. నేడు మేము డబ్బిచ్చి నీటిలో దొర్లుచుంటిమి. ఆమె మా తువాళ్లు పట్టుకొని నిలిచియుండెను.

మధ్యాహ్నభోజనమువేళ మనుమరాలు, “అవ్వ ఏమీ ఎక్కలేదే?” యనెను. “అవ్వకు భయమమ్మా” యని మేము తడుముకొనకుండ బదులు చెప్పితిమి. మేనత్త పెరుగన్నము కలుపుచు తలయెత్తి, “నాకు బయమని ఎవురు చెప్పినారప్పా? నన్నెవురన్నా అడిగినారా?” యనెను. ఆ గొంతులో కోపము లేదు. ఉండియుండినయెడల మాకు కొంత తేలికగా నుండెడిది.

పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతరకు నాలుగుతొట్ల కొయ్యరాట్నము వచ్చెడిది. మాకు ఎనిమిదేండ్లప్పుడు మేనత్త మమ్ము దానిమీద నెక్కించి, మా చెప్పులు చేతబట్టుకొని క్రింద నిలిచెడిది. అప్పటికామెకు ఇరువదినాలుగేండ్లు. తోటివయస్సువారు జంటలుగా నెక్కి కేకలు వేయుచుండగా ఆమె తలమీది ముసుగు సవరించుకొనుచుండెడిది. విధవ రాట్నమెక్కరాదని శాస్త్రమున నున్నదో లేదో మే మెఱుగము. ఎవరును ఆమెతో అట్లు చెప్పినట్లును జ్ఞప్తిలేదు. చెప్పవలసిన యక్కఱయే కలుగలేదు.

లాస్ ఏంజిలిస్ నగరపు గ్రిఫిత్ పార్కులో వాల్ట్ డిస్నీ తన కూతుండ్రను రంగులరాట్నమెక్కించి, తాను బల్లపై కూర్చుండి వేరుసెనగకాయలు తినుచు, పెద్దలును పిల్లలును కలిసి యాడుకొను చోటొకటి యుండరాదా యని తలపోసినట్లు తరువాత చెప్పెను. 1955 జూలై 17న తెఱవబడిన డిస్నీలాండునకు పునాది యా తలంపే యందురు. ఆయన కొన్ని శనివారములు బల్లపై కూర్చుండినంతనే విసిగెను. మా మేనత్త యఱువదియేండ్లకు దగ్గఱగా కూర్చుండినది.

సాయంకాలము ఎత్తైన కట్టడముపై నమర్చిన పెద్దరాట్నము కడకు పోయితిమి. ఈమారు మేమే యడిగితిమి. “మోకాళ్లు పట్టుకుంటాయేమో” యని యొకమాట యని, మనుమరాలి చేయి పట్టుకొని నడచినది. మేమును వెంట నెక్కితిమి. కొనకు చేరినపుడు ఆమె, “పుంగనూరు ఏ తట్టుంటాది?” యని యడిగెను. తూర్పు చూపితిమి. ఆమె యటు చాలసేపు చూచెను. చీకటితప్ప మాకేమియు కానరాలేదు. రాట్నము క్రిందికి దిగునపుడు ఒక్కసారిగా కడుపులో గిలిగింత పుట్టి కాబోలు, నోటికి చెఱగు అడ్డముపెట్టుకొనుట మఱచి గట్టిగా నవ్వినది. ఆ నవ్వు మాకు క్రొత్త. ఆమె ముందటి రెండుపండ్లు ఎప్పుడూడినవో కూడ మేము గమనింపలేదని యప్పుడు తెలిసినది.

దిగినతోడనే, “ఇంగోతూరి పోదామా?” యని మనుమరాలితో ననెను. వారిద్దఱును మరల వరుసలో నిలిచిరి. రాట్నమెక్కుటకు చెప్పులు విడువవలయునను నియమ మచట లేదు; జాతరలో చూచిన యలవాటుచే నామె ఈమారు వానిని విడిచిపోయెను. మేము వానిని తీసికొని బల్లపై కూర్చుంటిమి.

ఊరు చేరిన తరువాత ఈ వార్త వీధిలో వ్యాపించినది. “ఈ వయసులో, అందులోనూ ఆమె రాట్నమెక్కడమా?” యని యొక బంధువురాలు మా భార్యతో నన్నదట. ఆ ‘అందులోనూ’ యను మాటను వినికూడ మేనత్త బదులాడలేదు. రానున్న జాతరకు రాట్నము వచ్చునో రాదో, టికెట్టు ఎంతయో కనుక్కొనుమని మాత్రము మాతో చెప్పినది. పోపులపెట్టెలో చిల్లర వేఱుగా మూటగట్టుచున్నదని మనుమరాలు మాతో రహస్యముగా చెప్పెను.